విజ్జీ మ్యాచ్‌లు లెక్కలోకి వస్తాయా?

జాక్ హాబ్స్ ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఎన్ని సెంచరీలు కొట్టాడు? విజ్డెన్ వార్షికం తీస్తే 197. ఇంగ్లండ్‌లో 1973లో పుట్టిన క్రికెట్ గణాంకకారుల సంఘం జాబితా తీస్తే 199. పరుగులూ అంతే. ఒకచోట 61,237, ఇంకోచోట 61,760. రెండూ పరువున్న లెక్కలే. కూడికలో ఎవరూ పొరపడలేదు. తేడా ఎక్కడొచ్చిందని వెతుక్కుంటూ పోతే మన విజయనగరం తగులుతుంది. 1930-31లో విజయనగరం మహారాజకుమార్, క్రికెట్ లోకం విజ్జీ అని పిలిచిన జమీందారీ బిడ్డ, ఒక జట్టు కట్టుకుని ఇండియాలోనూ సిలోన్‌లోనూ తిరిగాడు. అందులో ఆడటానికి హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ ఇంగ్లండ్ నుంచి రప్పించుకున్నాడు. ఆ మ్యాచ్‌లను ఫస్ట్ క్లాస్ అని ఒప్పుకుంటే హాబ్స్‌కి 199, ఒప్పుకోకపోతే 197. సట్‌క్లిఫ్‌కి కూడా 149, 151 అని రెండు లెక్కలున్నాయి.

ఇన్నేళ్లయినా ఇది ఎందుకు తేలలేదంటే, ఫస్ట్ క్లాస్ మ్యాచ్ అంటే ఏమిటో అంతర్జాతీయంగా ఒక నిర్వచనం రాసుకున్నదే 1947లో. పదకొండేసి మంది ఆడే రెండు జట్లు, మూడు రోజులో అంతకు మించో ఆట, రెండింటి స్థాయినీ ఆ దేశపు బోర్డు గుర్తించాలి. ఈ సూత్రం వెనకటి మ్యాచ్‌లకు వర్తించదని కూడా అప్పుడే అనుకున్నారు. అంచేత 1947కి ముందు జరిగిన ప్రతి సందేహపు మ్యాచ్‌నీ పుస్తకం రాసేవాడే కూర్చుని తేల్చుకోవాలి. రికార్డుల పుస్తకం కొనేవాడు ధర, పేజీలు, అట్ట చూసేముందు ఈ ఒక్కటీ చూడాలి. ఏది లెక్కలోకి తీసుకున్నాడో, ఏది వదిలేశాడో, ఎందుకు వదిలేశాడో ఆ పుస్తకం చెబుతోందా? చెప్పని పుస్తకం ఎంత లావున్నా నా లెక్కలో అది పుస్తకం కాదు.

నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలిగొండల కిందున్న సీతారామపురం నుంచి ఈ ప్రశ్న అడగడానికి కారణముంది. జిల్లా కేంద్రానికి నూరు కిలోమీటర్లకు పైనే. ఉదయగిరి, ఆత్మకూరు దాటితే గానీ పుస్తకాల అంగడి అన్నది కనపడదు, ఆ అంగట్లోనూ ఆటల అర అంటే పోటీ పరీక్షల బిట్ బ్యాంకులే. కానిస్టేబుల్ పరీక్షకో గ్రూప్-2కో చదివే పిల్లలు క్రికెట్ రికార్డుల్ని అక్కడే నేర్చుకుంటారు. ఆ పుస్తకాల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఏ తేదీ నాటి లెక్కో వేయరు. ఆడుతున్నవాడి పరుగులు వారం తిరిగితే మారతాయి. ‘ఫలానా తేదీ వరకు’ అన్న రెండు మాటలు లేని అంకె పరీక్షలో మార్కు తెస్తుందో పోగొడుతుందో రాసినవాడికే తెలియదు. వాటిని కొనకండి అనను, పరీక్ష ఉంది కదా. క్రికెట్ కోసం మాత్రం కొనొద్దు.

ఫోనుంటే పుస్తకమెందుకు అన్న మాట న్యాయమైనదే, దాన్ని తోసేయను. ఇంటర్నెట్‌లో స్టాట్స్‌గురు లాంటి పరికరం చేతిలో ఉన్నాక ఎడమచేతి స్పిన్నర్ల మీద ఫలానావాడి సగటెంతో వెతకడానికి లావుపాటి గ్రంథం తిరగెయ్యడం వెర్రితనం. కాకపోతే ఫోను ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది. వీరేంద్ర సెహ్వాగ్ టెస్టు పరుగులు 8,586 అని అది చూపిస్తుంది. ఇంకోచోట ఇండియా తరఫున 8,503 అని ఉంటుంది. టీ అంగడి దగ్గర “నీ ఫోన్లో అట్టుండాది, నా పుస్తకంలో ఇట్టుండాదే” అని ఇద్దరు వాదించుకుంటే ఇద్దరూ గెలిచినట్టే. ఆ 83 పరుగులూ 2005 అక్టోబరులో సిడ్నీలో ఆస్ట్రేలియా మీద ప్రపంచ ఎలెవెన్ జట్టు ఆడిన మ్యాచ్‌లోవి, తొలి ఇన్నింగ్స్‌లో 76, రెండోదాంట్లో 7. ఐసీసీ దాన్ని టెస్టు అంది. బీబీసీ రేడియోకి 1966 నుంచి చనిపోయేదాకా స్కోరరుగా కూర్చున్న బిల్ ఫ్రిండాల్ మాత్రం, రెండు దేశాలు ఆడితేనే టెస్టు, నేనొప్పుకోను అన్నాడు. ఆయన లెక్కన షేన్ వార్న్ వికెట్లు 708 కావు, 702. ద్రావిడ్ 13,288లోంచి కూడా 23 తీసెయ్యాలి.

ఆ ఫ్రిండాల్ కూర్చినదే ‘ది విజ్డెన్ బుక్ ఆఫ్ టెస్ట్ క్రికెట్’. 1979లో మొదటిసారి వచ్చింది, 1877 నుంచి ఆడిన ప్రతి టెస్టుకీ పూర్తి స్కోరుకార్డు, పైన నాలుగు మాటల పరిచయం. తర్వాత సంపుటాలు పెరిగాయి. ఇప్పుడు ఈ స్కోరుకార్డులన్నీ ఫోన్లో ఉచితమే. అయినా పాత సంపుటం ఒకటి దొరికితే వదలొద్దంటాను, అందులో వరస ఉంది గనక. ఫోన్లో వెతికింది మాత్రమే దొరుకుతుంది. పుస్తకంలో వెతకనిది కంటపడుతుంది.

ఉదాహరణకి 1936 ఇంగ్లండ్ పర్యటన పేజీలు తీయండి. మూడు టెస్టులే, కానీ తెలుగువాడికి అంత గమ్మత్తయిన సిరీస్ ఇంకోటి లేదు. కెప్టెన్ విజ్జీ. మూడు టెస్టులూ ఆడి మొత్తం 33 పరుగులు, సగటు 8.25. అదే జట్టులో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం నుంచి వచ్చిన సి.కె. నాయుడు, అతని తమ్ముడు సి.ఎస్. నాయుడు. మద్రాసు నుంచి కోటా రామస్వామి. ఈ రామస్వామి నలభయ్యేళ్లు నిండాక ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 చేశాడు. ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండే టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. మళ్లీ టెస్టు ఆడలేదు. కెప్టెన్ సగటు పక్కన ఈయన సగటు పెట్టి చూస్తే ఆ రోజుల్లో జట్లు ఎలా కట్టేవారో ఎవరూ వివరించనక్కర్లేదు. ఓవల్‌లోనే సి.కె. నాయుడు తన టెస్టు జీవితంలోకెల్లా పెద్ద స్కోరు, 81, కొట్టాడు. అదే ఆయన ఆఖరి టెస్టు.

ఇక సి.కె. అన్నవాడు గణాంక గ్రంథాలకి పెద్ద పరీక్ష. టెస్టుల పట్టిక మాత్రమే ఇచ్చే పుస్తకంలో ఆయన 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఈ అంకెలు చూసిన ఇప్పటి కుర్రాడు ‘ఈయన పేరున ట్రోఫీ ఎందుకు పెట్టారబ్బా’ అంటే తప్పు కుర్రాడిది కాదు. ఇండియాకి టెస్టు హోదా వచ్చేసరికే, 1932 జూన్‌లో లార్డ్స్‌లో తొలి టెస్టుకి జట్టును నడిపించేసరికే, ఆయనకి ముప్ఫయ్యారు దాటింది. అసలు ఆట టెస్టుల బయట ఉంది. 1926 డిసెంబరులో బొంబాయి జిమ్‌ఖానా మైదానంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. 1932 పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేశాడు. దాంతో 1933 విజ్డెన్ ఆ ఏటి ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఆయన్ని చేర్చింది. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టిన 1953-54లో, యాభయ్యెనిమిదో ఏట, ఆ జట్టు తరఫున ఆడాడు. ఫస్ట్ క్లాస్ పట్టిక లేని పుస్తకంలో ఇదేదీ ఉండదు. టెస్టులూ వన్డేలూ టి20లూ మాత్రమే ఇచ్చే మెరుపు కాగితం పుస్తకాలు ఈ పరీక్షలో వరసగా తప్పుతాయి. అంగట్లో నిలబడి పుస్తకం తిప్పుతున్నప్పుడు ముందు సి.కె. పేజీ తీయండి, తక్కినది తర్వాత చూడొచ్చు.

విజ్డెన్ సంగతి. 1864లో జాన్ విజ్డెన్ మొదలుపెట్టిన ఈ వార్షికం ఇప్పటికీ ఏటా వస్తోంది, సుమారు 1,500 పేజీలు, 1938 నుంచి పసుపు అట్ట. క్రికెట్ చదివేవాళ్లు దాన్ని పూజగదిలో పెట్టినంత పని చేస్తారు. నాకు అంత భక్తి లేదు. అది మొదటినుంచీ ఇంగ్లండ్ పుస్తకం, కౌంటీ మ్యాచ్‌లకి ఇచ్చినంత చోటు రంజీకి ఇవ్వదు. మహిళను మేటి ఐదుగురిలో చేర్చడానికి దానికి 2009 దాకా పట్టింది. పైగా ధర. ఒక ప్రతికి పెట్టే డబ్బుతో సీతారామపురం లాంటి ఊళ్లో గ్రంథాలయానికి ఒక అర నిండా తెలుగు పుస్తకాలొస్తాయి. ఏటా కొనక్కర్లేదు. ఐదేళ్లకొకటి ఉంటే చాలు. ఆ ఒక్కటి ఎందుకంటే, పట్టికల కోసం కాదు, మరణవార్తల విభాగం కోసం. ఒక్క టెస్టు ఆడి మరుగునపడిన వాళ్ల జీవితాన్ని పది పదిహేను వాక్యాల్లో చెప్పడం అక్కడ నేర్చుకోవాలి.

ఆ మరణాల లెక్కకీ అంతుచిక్కనివాడు మన కోటా రామస్వామే. 1985 అక్టోబరు 15 పొద్దున మద్రాసులో అడయారు ఇంటినుంచి బయటికెళ్లినాయన తిరిగి రాలేదు. అప్పటికి ఎనభై తొమ్మిదేళ్లు. పుట్టిన తేదీ ఉంది, ఆడిన తేదీలున్నాయి, పోయిన తేదీ లేదు. ఖాళీ గడిని భరించలేని పట్టికల్లో ‘మరణించినట్టు భావన’ అని రాశారు. డేవిస్ కప్ టెన్నిస్ కూడా ఆడిన ఈ మనిషి తన కథ తానే ‘ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ ఆడిక్ట్’ పేరుతో రాసుకున్నాడు. గణాంకాల అరలో అలాంటి పుస్తకం ఒకటి పెట్టడం తప్పేమీ కాదు. అలాగే సి.కె. మీద వసంత్ రాయ్‌జీ రాసిన పుస్తకం, కూతురు చంద్రా నాయుడు రాసిన జ్ఞాపకాలు. అంకెల పుస్తకం ఒకటి కొంటే పక్కన మనిషి పుస్తకం ఒకటి కొనాలన్నది నా పట్టుదల.

మనకి నిజంగా పనికొచ్చిన వార్షికం వేరే ఉండేది. ‘ది హిందూ’ వాళ్లు 1940ల నుంచి మద్రాసులో అచ్చువేసిన ‘ఇండియన్ క్రికెట్’. ఎస్.కె. గురునాథన్, ఆ తర్వాత పి.ఎన్. సుందరేశన్ దాన్ని నడిపారు. రంజీ, దులీప్, విశ్వవిద్యాలయాల మ్యాచ్‌లు స్కోరుకార్డులతో సహా వచ్చేవి. దక్షిణాది జట్లు ఎవరికీ పట్టని రోజుల్లో వాటి చరిత్ర నిలబడింది అక్కడే. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో హైదరాబాద్ జట్టు ఆంధ్ర మీద 6 వికెట్లకి 944 కొట్టి డిక్లేర్ చేసింది. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. రికార్డుల పట్టికలో అది ఒక వరుస, హైదరాబాద్ వైపు నుంచి రాసింది. వార్షికంలో అయితే అదొక సీజన్‌లో ఒక మ్యాచ్. ఎండలో ఆ ఓవర్లన్నీ వేసిన ఆంధ్ర బౌలర్ల పేర్లూ, వాళ్లు మిగతా మ్యాచ్‌లలో ఏం చేశారన్నదీ అక్కడుంటాయి. ఓడినవాడి లెక్క కూడా రాసేదే మంచి వార్షికం. ఆ పుస్తకం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీదో, చెన్నై పాత పుస్తకాల అంగళ్లలోనో ఏ సంవత్సరానిది దొరికినా బేరమాడి తెచ్చుకోండి. దాని తర్వాత 2013లో సురేశ్ మేనన్ సంపాదకత్వంలో మొదలైన ‘విజ్డెన్ ఇండియా అల్మనాక్’ వ్యాసాలకి బాగుండేది, అదీ ఎక్కువకాలం నడవలేదు. ఇంగ్లండ్‌లో 1948 నుంచి వస్తున్న ‘ప్లేఫెయిర్’ జేబులో పట్టే మంచి పుస్తకమే గానీ కౌంటీ ఆట చూడని మనకి అక్కర్లేదు.

లెక్కలోకి రానివాళ్లు ఇంకా ఉన్నారు. గుంటూరు అంబటి రాయుడు 2007లో ఇండియన్ క్రికెట్ లీగు (ఐసీఎల్)లో చేరి హైదరాబాద్ హీరోస్‌కి ఆడాడు. బోర్డు ఆ లీగును గుర్తించలేదు కాబట్టి ఆ పరుగులు అధికారిక టి20 లెక్కల్లో కలవలేదు. జనం చూశారు, చప్పట్లు కొట్టారు, పత్రికలు రాశాయి, పుస్తకంలో మాత్రం ఆ ఏళ్లు బోసిగా ఉంటాయి. మహిళల సంగతి ఇంతకంటే అన్యాయం. మిథాలీ రాజ్ వన్డే పరుగులు 7,805 అని ఎవరైనా చెబుతారు. ఆమె హైదరాబాద్‌లో ఎదిగిన రోజుల దేశవాళీ మ్యాచ్‌ల స్కోరుకార్డులు పూర్తిగా దొరకడమే అరుదు. మహిళల క్రికెట్ బీసీసీఐ చేతికి వచ్చిందే 2006లో. సీతారామపురం కొండలకు అవతలున్న కడప జిల్లా నుంచే శ్రీచరణి వచ్చింది, 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. ఇప్పుడు కొనే ఏ రికార్డుల పుస్తకంలోనైనా మహిళల విభాగం చివర నాలుగు పేజీల అనుబంధంగా ఉంటే దాన్ని అక్కడే పెట్టి రావచ్చు.

ఈ తగవులు క్రికెట్‌కే పుట్టాయనుకుంటే పొరపాటు. అంకెల పిచ్చిలో మనకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాళ్లు అమెరికా బేస్‌బాల్ అభిమానులు. ఆ ఆటకి స్కోరు పట్టిక తయారుచేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు రాసినవాడే. 1969లో మాక్మిలన్ ‘బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా’ వచ్చింది. కంప్యూటర్‌లో పోగేసి, అప్పటిదాకా ఉన్న అంకెల్ని మొదటినుంచీ తిరిగి సరిచూసిన గ్రంథం అది. సరిచూడటం మొదలయ్యాక దేవుళ్ల అంకెలు కూడా కదిలాయి. టై కాబ్ హిట్లు 4,191 అని మూడు తరాలు బట్టీపట్టాయి. 1910లో ఒక మ్యాచ్‌ని రెండుసార్లు రాశారని తర్వాత బయటపడి 4,189 అన్నారు. పాత అంకెను వదలనివాళ్లు వదల్లేదు. ఇక 2024లో, నల్లజాతి ఆటగాళ్లను వేరు పెట్టిన రోజుల్లో వాళ్లు ఆడుకున్న నీగ్రో లీగుల లెక్కల్ని కూడా ప్రధాన లీగు రికార్డుల్లో కలిపారు. అంతటితో కాబ్ సగటు .367ని దాటి జోష్ గిబ్సన్ .372 పైకొచ్చింది. గిబ్సన్ చనిపోయి అప్పటికి డెబ్భయ్యేడేళ్లు. విజ్జీ మ్యాచ్‌లదీ గిబ్సన్ మ్యాచ్‌లదీ ఒకే ప్రశ్న కాదు, ఒకటి జమీందారు సరదా, రెండోది ఒక జాతికి జరిగిన అన్యాయం. పుస్తకం వేసేవాడి ముందుకొచ్చేసరికి మాత్రం రెండూ ఒకే గడిలో పడతాయి: కలపాలా, వద్దా?

అంతటి బేస్‌బాల్ గ్రంథాలకీ ముద్రణ ఆగిపోయింది. మాక్మిలన్‌ది 1996లో పదో ముద్రణతోనూ, జాన్ థార్న్, పీట్ పామర్ తెచ్చిన ‘టోటల్ బేస్‌బాల్’ 2004తోనూ ముగిశాయి. అంతా ఇంటర్నెట్‌లోకి పోయింది. పసుపు అట్ట విజ్డెన్ ఎందుకు బతికింది మరి? అది పట్టికలే నమ్ముకోలేదు, వ్యాసాలూ సంపాదకీయాలూ మరణవార్తలూ నమ్ముకుంది. బేస్‌బాల్‌లో కూడా అంతే, నిలిచినవి అంకెలతో వాదించిన పుస్తకాలు. కాన్సస్‌లో డబ్బా ఆహారం తయారుచేసే కర్మాగారంలో రాత్రిపూట కాపలా ఉద్యోగం చేస్తూ బిల్ జేమ్స్ 1977లో సొంతంగా అచ్చేసుకున్న ‘బేస్‌బాల్ అబ్‌స్ట్రాక్ట్’, ఆ ఆలోచన ఒక జట్టును ఎలా మార్చిందో చెప్పిన మైకేల్ లూయిస్ ‘మనీబాల్’. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ స్కూలు పోటీలకి వెళ్లే పిల్లలున్న ఊళ్లో ఒక బేస్‌బాల్ పుస్తకం పెట్టాలంటే నేను ‘మనీబాల్’ పెడతాను. ఎన్‌సైక్లోపీడియా ఎవరైనా అమెరికా నుంచి ఉచితంగా పంపినా పెట్టను.

కొనేముందు చూడాల్సినవాటిలో సూచిక ఒకటి, దాన్ని ఎవరూ చూడరు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషు సూచికకి చివరి పేరు కావాలి. ఎమ్మెస్కే ప్రసాద్ ‘ప్రసాద్’ కింద ఉంటాడు, వెంకటేశ్ ప్రసాద్ పక్కన. విశాఖ వై. వేణుగోపాలరావు ఒక పుస్తకంలో ‘రావు’ కింద, ఒకదాంట్లో ‘వేణుగోపాల్’ కింద ఉంటాడు. మద్రాసు క్రికెట్‌కి ఆద్యుడు బుచ్చిబాబు నాయుడు ఇంటిపేరు మోతవరపు, కొడుకు రామస్వామి ఇంటిపేరు కోటా. తండ్రీకొడుకులని సూచిక చూసి పోల్చుకోవడం ఎవరితరమూ కాదు. సూచికలో ‘చూడుము’ అంటూ రెండో పేరునుంచి మొదటి పేరుకి దారి చూపించిన పుస్తకం కూర్చినవాడు కష్టపడ్డాడని నమ్మొచ్చు.

తెలుగులో ఇలాంటి గ్రంథం ఒక్కటైనా లేదన్నది తెలిసిన బాధే. హైదరాబాద్ 1937-38లో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో రంజీ ఫైనల్ గెలిచినప్పుడు ఐబారా 137 నాటౌట్‌గా నిలబడ్డ సంగతి, 1986-87లో మళ్లీ గెలిచిన సంగతి, ఆంధ్ర జట్టు మొదటి సీజన్ కథ, అన్నీ ఇంగ్లీషు పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒక విశ్వవిద్యాలయమో అకాడమీయో పూనుకుంటే మూడొందల పేజీల పుస్తకం. అంతకంటే కింద, ఊళ్ల ఆటకి ఏ గ్రంథమూ లేదు, ఉండబోదు కూడా, ఆ ఊళ్లో వాళ్లే రాసుకోకపోతే. సంక్రాంతికి ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల టెన్నిస్ బంతి టోర్నమెంట్లు పెట్టినప్పుడు ట్రోఫీకి, టెంటుకి, మైకుకి చందాలొస్తాయి. స్కోరు మాత్రం ఏ పిల్లాడి నోట్‌బుక్ చివరి పేజీల్లోనో రాస్తారు, బౌలర్ పేరు ‘శీనుగాడు’, ఊరు ఉండదు, తేదీ ఉండదు.

ఒక అరకి చెప్పమంటే నా జాబితా పొట్టిది: ఫ్రిండాల్ పాత సంపుటం ఒకటి, ఐదేళ్లకొక విజ్డెన్, దొరికినన్ని ‘ఇండియన్ క్రికెట్’లు, సి.కె. మీద రాయ్‌జీ పుస్తకం, రామస్వామి ఆత్మకథ, ‘మనీబాల్’. దానికి తోడు ఆటల సామాను అంగట్లో అమ్మే గళ్లగళ్ల స్కోరు పుస్తకం. ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, తేదీ, ఎన్ని ఓవర్ల మ్యాచో, వైడుకి ఒక పరుగిచ్చారా రెండిచ్చారా, అన్నీ మొదటి బంతికి ముందే రాయాలి. ఫైనల్ అయ్యాక ఆ పుస్తకం ఎవరింట్లో ఉండాలో, గ్రంథాలయానికి ఎప్పుడు ఇవ్వాలో కూడా టాస్ వేయకముందే తేల్చుకోండి. గెలిచిన జట్టు పట్టుకుపోతే ఓడినవాళ్ల లెక్క దొరకదు.